పాకపు ఉండ నుండి చాక్లెట్ ముక్క వరకు

కృష్ణా డెల్టాలో పామర్రు ఒక కూడలి ఊరు. విజయవాడ నుండి బందరు పోవు రహదారి ఈ ఊరి మీదుగా సాగును. గుడివాడ, భీమవరముల మీదుగా పాలకొల్లు వైపు పోవు రహదారి ఇచ్చటనే చీలును. పడమటి దారిన పోయినచో ఉయ్యూరు వచ్చును. అది చెరకు సీమ. ఆగ్నేయముగా పోయినచో బందరు, అనగా మచిలీపట్నము, వచ్చును. అది పాత రేవు పట్టణము. ఉత్తరముగా గుడివాడ దాటి పోయినచో కొబ్బరితోటల గోదావరి సీమ చేరుదుము.

కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరు దినములలో, పాఠశాలలకు సంక్రాంతి సెలవులు ఇచ్చినంతనే, ఈ ప్రాంతపు ఇండ్లలో పొయ్యిమీదికి బెల్లపు పాకము ఎక్కును. అరిసెలు, నువ్వుల ఉండలు, వేరుశనగ ఉండలు తయారగును. ఈ మధ్య కొన్ని ఇండ్లలో ఆ పాకములో రెండు చెంచాల కోకో పొడి కూడ పడుచున్నది. అది చూచి పెద్దలు కొందరు "మన పండుగకు ఈ పరదేశపు రుచి ఎందులకు?" అందురు. పిల్లలు కొందరు "ఇంటి ఉండకంటె అంగడి చాక్లెటే మేలు" అందురు. ఈ రెండు మాటలలోను సగము సగమే నిజము. వేరుశనగ ఉండ పెద్దలు తలచునంత పాతది కాదు. చాక్లెట్ పిల్లలు తలచునంత క్రొత్త విద్యయు కాదు. ఆ సంగతి తెలియవలెనన్నచో పై మూడు దారుల వెంట వచ్చిన వస్తువుల చరిత్రను, వంటింటిలో వాటిని కలిపిన విద్యను కొంత పరిశీలింపవలెను.

తేనెటీగలు లేని తేనె

మొదట పడమటి దారిన వచ్చిన చెరకును చూతము. సాగుచేయు చెరకు జాతి మొట్టమొదట న్యూగినీ దీవిలో పుట్టినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అచ్చటివారు దానిని నమలి రసము మ్రింగెడివారు. కాని రసమును కాచి, నీటిని పోగొట్టి, గట్టిపరచి నిలువచేయు విద్య వృద్ధిపొందినది భారతదేశముననే. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దిలో అలెగ్జాండరుతో వచ్చిన నియర్కస్ అను నౌకాధిపతి, ఈ దేశమున తేనెటీగల సహాయము లేకుండనే తేనెనిచ్చు రెల్లు కలదని ఆశ్చర్యపడెను. క్రీ.శ. 647లో చైనా చక్రవర్తి చక్కెర చేయు పద్ధతి నేర్చుకొని రమ్మని మగధకు దూతలను పంపెను.

ఈ విద్య పడమటి దేశములకు పోయినప్పుడు దాని పేర్లును వెంట పోయినవి. సంస్కృతములోని "శర్కర" పారసీక, అరబ్బీ భాషల మీదుగా పోయి ఇంగ్లీషులో "షుగర్" అయినది. ముక్క అను అర్థముగల "ఖండ" శబ్దము పారసీకమున "కంద్" అయి, అరబ్బీలో "కందీ" అయి, తుదకు ఇంగ్లీషులో "క్యాండీ" అయినది. మనము కలకండ అనునప్పుడు ఉచ్చరించుచున్నది ఆ మాటనే. కావున మిఠాయి డబ్బామీద "క్యాండీ" అని చదివిన విద్యార్థి, మన దేశపు మాటనే వేరు వేషమున చదువుచున్నాడు.

చక్కెర చరిత్రలో చేదును కలదు. అమెరికా ఖండమునందును, కరిబియన్ దీవులయందును చెరకు తోటలను నడిపించినది ఆఫ్రికా బానిసల శ్రమ. బ్రిటిషు రాజ్యములో బానిసత్వము రద్దు అయిన పిమ్మట, 1830వ దశకము నుండి, మారిషస్ చెరకు తోటలకు భారతదేశము నుండి ఒప్పంద కూలీలను ఓడలలో తరలించిరి. వారిలో తెలుగువారును ఉండిరి. కోరంగి రేవు పేరును బట్టి మారిషస్‌లో తెలుగువారిని "కొరింగీలు" అని పిలిచిరి. 1903 నుండి ఫిజీ దీవులకు పోయిన దక్షిణాది కూలీలలోను తెలుగువారు ఉండిరి. పండుగనాటి తీపి ముక్క చౌకగా లభించుట వెనుక ఇట్టి ప్రయాణములు ఉన్నవని మరువరాదు.

కాలువల నీరు, ఇంటి పంట

కృష్ణా డెల్టాలో కాలువల సేద్యము విస్తరించుటకు కారణము బెజవాడ ఆనకట్ట. దాని నిర్మాణము 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చెను. నీరు నిలుకడగా వచ్చుటతో వరి ప్రధానమైన పంట అయినది. ఉయ్యూరు పరిసరములలో చెరకు సాగు పెరిగి, 1940వ దశకమున అచ్చట చక్కెర కర్మాగారము నడిచెను. ఈ భూములలో వరి కోతకు కొలది దినముల ముందే చేనిలో మినుములు, పెసలు చల్లుదురు. కోత ముగిసిన తరువాత నేలలో మిగిలియున్న తేమతోనే ఆ పైరు పండును.

ఈ పంటల నుండి రెండు విధములైన మిఠాయిలు పుట్టినవి. బియ్యపు పిండిని బెల్లపు పాకములో కలిపి అరిసెలు చేయుదురు. మినుములను వేయించి, విసరి, బెల్లముతో కలిపి, కాచిన నెయ్యి పోసి సున్నుండలు చుట్టుదురు. పైకి రెండును తీపి వంటలే. కాని శాస్త్రదృష్టితో చూచినచో వాటి కట్టుబాటు వేరు. అరిసెలో పిండిని పట్టి ఉంచునది పాకము, అనగా కొద్ది నీటిలో కరిగియున్న చక్కెర. సున్నుండలో పాకము లేదు. పిండి రేణువులను, బెల్లపు రేణువులను పట్టి ఉంచునది పేరిన నెయ్యి. మొదటిదానిని పాకపు కట్టు అనియు, రెండవదానిని నేతి కట్టు అనియు చెప్పవచ్చును. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. చాక్లెట్ రహస్యము ఇందులోనే ఉన్నది.

నీటి గిన్నె చెప్పు ఉష్ణోగ్రత

పాకము పట్టు స్త్రీ ఉష్ణమాపకమును ఎరుగదు. ఆమె ప్రక్కన ఒక గిన్నెలో చన్నీరు ఉండును. మరుగుచున్న పాకమును ఒక బొట్టు అందులో వేసి, వ్రేళ్ళతో నొక్కి చూచును. లేదా బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ సాగదీసి చూచును. ఈ పరీక్ష గ్రుడ్డి అలవాటు కాదు. దానికి బలమైన కారణమున్నది.

మంచినీరు సముద్రమట్టమున 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. అందులో చక్కెర కరిగినకొలది మరుగు ఉష్ణోగ్రత పెరుగును. పాకము కాగుచున్నప్పుడు నీరు ఆవిరియై పోవును, చక్కెర పాలు హెచ్చును, వేడిమియు హెచ్చును. కావున పాకపు వేడిమి తెలిసినచో అందులో ఎంత నీరు మిగిలినదో తెలిసినట్లే. చక్కెర పాకము 106 నుండి 112 డిగ్రీల నడుమ ఉన్నప్పుడు తీగ సాగును, అది తీగపాకము. 112 నుండి 116 డిగ్రీలకు వచ్చునప్పటికి నీటిలో వేసిన బొట్టు మెత్తని ఉండ అగును. అప్పుడు అందులో చక్కెర నూటికి 85 పాళ్ళ వరకు ఉండును. 121 నుండి 130 డిగ్రీల నడుమ ఉండ గట్టిపడును. చక్కెర నూటికి 92 పాళ్ళు. 146 నుండి 154 డిగ్రీల నడుమ బొట్టు గాజువలె పెళుసై విరుగును. నీరు నూటికి ఒక పాలు మాత్రమే మిగులును. బెల్లములో చక్కెర కాక ఇతర పదార్థములును ఉండుటచే ఈ అంకెలు కొంచెము మారును. వరుస మాత్రము మారదు.

అరిసెలకు ఉండపాకము చాలును. వేరుశనగ ఉండలకు ముదురు పాకము కావలెను. నీటిలో గట్టిపడిన బొట్టును పళ్ళెమునకు కొట్టి, టంగుమని మ్రోగినదా లేదా అని పెద్దలు చూచుట ఇందులకే. మ్రోగినచో నీరు పోయినట్లు. మ్రోగకున్నచో ఉండ పండ్లకు అంటుకొని సాగును. ఒక బొట్టు, ఒక గిన్నె నీరు, ఒక చెవి: ఇంతటితోనే మిగిలిన నీటి పాలు ఎంతో ఆమెకు తెలియుచున్నది.

బెల్లమునకు ఇంకొక గుణమున్నది. చక్కెరను మాత్రమే కాచి చల్లార్చినచో స్ఫటికములు ఏర్పడి పాకము ఇసుకవలె గరుకెక్కవచ్చును. బెల్లములో చెరకు చక్కెరతో పాటు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు ఉండును. ఈ అణువులు నడుమ అడ్డుపడి స్ఫటికములను పెరుగనీయవు. చక్కెర పాకములో కొద్దిగా నిమ్మరసము పిండుటలోని మర్మమును ఇదియే. ఆమ్లము చెరకు చక్కెరలో కొంతను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టును.

సముద్రము దాటిన గింజలు

ఇక ఆగ్నేయపు దారి. బందరులో 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వర్తక స్థానములను ఏర్పరచుకొనిరి. వారు వచ్చినది కలంకారీ అద్దకముల కొరకు, నూలు వస్త్రముల కొరకు. అంతకు నూరేండ్ల ముందే పోర్చుగీసువారు పడమటి తీరమున దిగిరి. అమెరికా ఖండపు మొక్కలు అనేకము సముద్రములు దాటి ఆసియాకు వచ్చినది ఆ కాలముననే. మిరప, బొప్పాయి, జామలతో పాటు వేరుశనగయు, జీడిమామిడియు అట్లు వచ్చినవే.

వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన దేశమున అది విస్తారముగా సాగు అయినది 19వ శతాబ్దిలో. పుదుచ్చేరి రేవు నుండి ఫ్రాన్సులోని నూనె మిల్లులకు ఆ గింజలు ఎగుమతి అయ్యెడివి. దానికి తెలుగువారు పెట్టిన పేరు చమత్కారమైనది. అది శనగవలెనే చిక్కుడు కుటుంబపు మొక్క. కాయ నేలలో దొరకును. కావున వేరుశనగ అనిరి. నిజమునకు ఆ కాయ వేరునకు కాయదు. పూవు నేలపైననే పూయును. ఫలదీకరణము జరిగిన పిదప దాని అడుగు భాగము ఊడవలె సాగి నేలలోనికి దిగి, చీకటిలో కాయగా మారును. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న గుల్ల నేలలలో ఊడ సులువుగా దిగును. పామర్రు నల్లరేగడికి ఈ పంట నప్పదు. తీరపు ఇసుక నేలలకు నప్పును.

జీడిమామిడి పేరు ఇంకను గొప్పది. మన అడవులలో జీడి అను చెట్టు అనాదిగా ఉన్నది. దాని గింజ రసము నల్లనిది. బట్టలపై చెరగని గుర్తులు పెట్టుటకు వాడెడివారు. చర్మమునకు తగిలినచో పొక్కును. బ్రెజిలు నుండి వచ్చిన క్రొత్త చెట్టు గింజ పెంకులోను అట్టి పొక్కించు నూనెయే కనిపించెను. చెట్టు మామిడిని తలపించెను. వెంటనే జనులు దానిని జీడిమామిడి అనిరి. తరువాత వృక్షశాస్త్రజ్ఞులు పరిశీలింపగా జీడి, జీడిమామిడి, మామిడి మూడును ఒకే కుటుంబమునకు చెందినవని తేలెను. జనులు కంటితో చూచి పెట్టిన పేరునకు శాస్త్రము తరువాత ముద్ర వేసినది. వేటపాలెము, మోరి, పలాస వంటి చోట్ల జీడిగింజలను కాల్చి పెంకు ఒలుచు స్త్రీల వ్రేళ్ళు ఆ నూనెకు నల్లబడుటయు ఇందువలననే.

కావున "మన పాత వేరుశనగ ఉండ" అనునది పూర్తిగా పాతది కాదు. అందులో పాతది పాకము, క్రొత్తది గింజ. నువ్వుల ఉండ మాత్రము నిజముగా పాతది. హరప్పా త్రవ్వకములలోనే కాలిన నువ్వులు దొరకినవి. నువ్వుల కొరకు నేర్చిన పాకములో తరువాతి తరములవారు దూరదేశపు గింజను వేసిరి. ఆనాడు దానిని పరదేశపు రుచి అని తోసివేసినచో నేటి సంక్రాంతికి వేరుశనగ ఉండ ఉండెడిది కాదు.

బందరు రోలు, స్విట్జర్లాండు యంత్రము

బందరు పేరు చెప్పగనే లడ్డు గుర్తుకు వచ్చును. 2017లో ఈ లడ్డునకు భౌగోళిక గుర్తింపు లభించినది. బుందేలుఖండము నుండి వచ్చిన బొందిలీల కుటుంబములు ఈ వంటను తెచ్చినవని బందరులో చెప్పుకొందురు. శనగపిండితో పూస వండి, దానిని దంచి పొడిచేసి, బెల్లపు పాకములో కలిపి, నెయ్యి చేర్చుచు మరల రోటిలో దంచుదురు. అందుచేతనే దీనికి తొక్కుడు లడ్డు అను పేరు వచ్చినది.

ఇంత దంచుట ఎందులకు? నాలుక చాల సూక్ష్మమైన పరికరము. సుమారు మిల్లీమీటరులో ముప్పదవ వంతుకు మించిన రేణువులను అది గరుకుగా గుర్తించును. అంతకు చిన్నవైనచో నునుపు అని తలచును. దంపు వలన రేణువులు నలిగి, ప్రతి రేణువు చుట్టును నెయ్యి పలుచని పొరగా పట్టును. అప్పుడు లడ్డు నోటిలో వేసిన వెంటనే కరుగును.

ఈ సూత్రమే స్విట్జర్లాండులో చాక్లెట్‌ను మార్చివేసెను. అంతకు ముందు చాక్లెట్ పలుకు పలుకుగా ఉండెడిది. 1879లో రొడాల్ఫ్ లింట్ అను ఆయన కోకో ముద్దను, చక్కెరను వెచ్చని తొట్టిలో గంటల తరబడి రుద్దు యంత్రమును వాడుకలోనికి తెచ్చెను. రేణువులు నునుపెక్కెను, కోకో కొవ్వు వాటి చుట్టును సమముగా పట్టెను. బందరు రోలును లింట్ చూచి ఉండడు. లింట్ యంత్రమును బందరు వంటవారు చూచి ఉండరు. పదార్థముల స్వభావము ఒకటే కనుక ఇరువురును ఒకే ఉపాయమును చేరిరి.

దేవతల ఆహారము

కోకో చెట్టు జన్మస్థానము దక్షిణ అమెరికాలోని అమెజాన్ ఎగువ ప్రాంతము. ఈక్వెడారులో దొరకిన పాత్రల ఆధారమున సుమారు 5,300 ఏండ్ల క్రిందటనే మనుష్యులు దానిని వాడిరని 2018లో వెల్లడి అయినది. మెక్సికోలో దానిని మిరపకాయలతో కలిపి చేదు పానీయముగా త్రాగెడివారు. 1519లో అచ్చటికి పోయిన స్పెయిను దేశీయుల ద్వారా అది ఐరోపాకు చేరెను. 1753లో లిన్నేయస్ ఈ చెట్టు ప్రజాతికి థియోబ్రోమా అని పేరు పెట్టెను. దేవతల ఆహారము అని దాని అర్థము. పనసవలె ఈ చెట్టును మ్రాను మీదనే పూచి కాయును.

కాయలోని గింజలను తెల్లని గుజ్జుతో పాటు అయిదారు దినములు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరుదురు. పులియబెట్టనిచో చాక్లెట్ వాసన రాదు. గింజలో సుమారు సగము కొవ్వే. 1828లో హాలెండులో వాన్ హూటెన్ అను వారు ఆ కొవ్వులో చాల భాగమును మరతో పిండివేయు పద్ధతికి హక్కు పొందిరి. పిండగా మిగిలినది కోకో పొడి. 1847లో ఇంగ్లండులోని ఫ్రై సంస్థ ఆ పిండిన కొవ్వును మరల కోకో, చక్కెరలకు చేర్చి, తినదగిన గట్టి చాక్లెట్‌ను చేసెను. 1875లో స్విట్జర్లాండువాడైన డేనియల్ పీటర్ పాలతో చాక్లెట్ చేసెను.

ఇప్పుడు పాఠకులు సున్నుండను తలచుకొనవలెను. వేయించిన గింజ పిండి, తీపి రేణువులు, వాటిని పట్టియుంచు పేరిన కొవ్వు: సున్నుండ అనగా ఇదియే, చాక్లెట్ అనగా ఇదియే. ఒకదానిలో మినుము, బెల్లము, నెయ్యి. రెండవదానిలో కోకో, చక్కెర, కోకో కొవ్వు. ఫ్రై సంస్థ కనుగొన్న కట్టుబాటు మన ఇండ్లలో మినప పిండితో నిత్యము చేయుచున్నదే.

ఉత్తరపు దారిన వచ్చిన కోకో

మన దేశమునకు కోకో మొక్కలు 1798లో వచ్చినవి. తమిళదేశములోని కుర్తాళమున వాటిని నాటిరి. కాని వర్తక పంటగా అది నిలదొక్కుకొనుటకు చాలకాలము పట్టెను. 1960వ దశకమున కేరళలోని వయనాడులో ప్రదర్శన క్షేత్రము ఏర్పడి, సాగు వ్యాపించెను. తరువాత ఆంధ్ర తీరపు రైతులు దీనిని చేపట్టిరి. కోకో అడవిలో పెద్ద చెట్ల నీడన పెరుగు జాతి. దానికి సగము నీడ కావలెను. గోదావరి సీమలోని కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలు ఆ నీడను సిద్ధముగా ఉంచినవి. ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతములలో ఇది అంతరపంటగా విస్తరించి, నేడు భారతదేశమున కోకో ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానమున ఉన్నది. గుడివాడ దాటి ఉత్తరముగా పోవు దారి ఇట్లు కోకో సీమకును దారి అయినది.

అయినను మన పిల్లలు చాక్లెట్ అని పిలుచు వస్తువులలో చాలవాటికి కోకోతో సంబంధము లేదు. 1952లో చిత్తూరున స్థాపితమైన న్యూట్రిన్ వంటి సంస్థలు అమ్మిన కాగితము చుట్టిన బిళ్ళలనన్నిటిని తెలుగు పల్లెలలో చాక్లెట్లు అనియే పిలిచిరి. వాటిలో పెక్కు నిజమునకు ముదురు పాకపు బిళ్ళలు. అమ్మమ్మ వేరుశనగ ఉండకు దగ్గరి చుట్టములు. ఉండను కాదని బిళ్ళను కోరు పిల్లవాడు ఒక పాకమును విడిచి మరియొక పాకమునే కోరుచున్నాడు.

ఇద్దరు శత్రువులు

పాకపు కట్టునకు తేమ శత్రువు. కొవ్వు కట్టునకు ఎండ శత్రువు. ముదురు పాకము గాజు వంటిది. అది గాలిలోని తేమను పీల్చుకొని క్రమముగా మెత్తబడి జిగురెక్కును. బెల్లములోని ఫ్రక్టోజు ఈ పనిని త్వరితపరచును. అందుచేత శ్రావణ భాద్రపదములలో పప్పు ఉండలు డబ్బాలో అంటుకొనిపోవును. చాక్లెట్‌కు తేమ భయము తక్కువ. కాని కోకో కొవ్వు సుమారు 34 డిగ్రీల వద్ద కరుగును. నోటిలో కరుగుట దాని గుణము. వేసవిలో బందరు ఎండకు అంగడిలోనే కరుగుట దాని దోషము. కరిగి పేరిన చాక్లెట్ మీద కనిపించు తెల్లని పూత తరచు బూజు కాదు; పైకి వచ్చి మరల స్ఫటికమైన కొవ్వు.

సంక్రాంతి నాటికి డెల్టాలో వానలు వెనుకబడి ఉండును, ఎండ ఇంకను ముదరదు. రెండు శత్రువులును బలహీనముగా ఉండు కాలమది. పండుగ మిఠాయిలకు ఇది అనువైన ఋతువు అగుట ఆచారము వలన మాత్రమే కాదు.

ఇంట చేయు విధము

పావుకిలో వేరుశనగ గింజలు, 200 గ్రాముల బెల్లము, రెండు చెంచాల తియ్యని కలుపులేని కోకో పొడి, రెండు చెంచాల నెయ్యి, చిటికెడు ఉప్పు తీసుకొనవలెను. గింజలను ముందుగా ఏరవలెను. ముడుతలుపడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి, చేదైనవి పారవేయవలెను. ఇది రుచి కొరకు మాత్రమే చెప్పిన మాట కాదు. 1960లో ఇంగ్లండున వేలకొలది టర్కీ కోళ్ళు అకస్మాత్తుగా చచ్చినవి. కారణము వెదకగా, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో బూజు నుండి పుట్టిన విషము కనుగొనబడెను. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టిరి. అది కాలేయమునకు హాని చేయును. వేయించినను పూర్తిగా పోదు. తడి తగిలిన గింజలను పొదుపు పేరిట పిల్లల మిఠాయిలో కలుపుట తగదు. వేరుశనగ పడనివారు కొందరుందురు. పంచునప్పుడు అడిగి పెట్టవలెను.

ఏరిన గింజలను సన్నని సెగపై దోరగా వేయించి, పొట్టు తీసి, బద్దలు చేయవలెను. కోకో పొడిని వెచ్చని నెయ్యిలో ఉండలు లేకుండ కలిపి ప్రక్కన ఉంచవలెను. నేరుగా పాకములో చల్లినచో ముద్దలు కట్టును, సెగపై మాడి చేదెక్కును. బెల్లమును కొద్ది నీటిలో కరిగించి, ఇసుక పోవుటకు వడకట్టి, దళసరి గిన్నెలో కాచవలెను. బొట్టు నీటిలో పెళుసై విరిగి, పళ్ళెమున మ్రోగగనే దించి, ఉప్పు, నేతిలో కలిపిన కోకో, తరువాత గింజలు వేసి త్వరగా కలిపి, నెయ్యి రాచిన పళ్ళెమున పోసి పరచవలెను. వెచ్చగా ఉన్నప్పుడే కత్తితో గాట్లు పెట్టి, చల్లారిన పిదప విరిచి, గాలి చొరని డబ్బాలో ఉంచవలెను.

అంగడి చాక్లెట్‌ను కరిగించి గింజలకు పట్టించుట ఇంకొక పద్ధతి. అప్పుడు గిన్నెలో ఒక నీటి చుక్కయు పడరాదు. పడినచో చక్కెర రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకొని, ద్రవము బిర్రబిగిసిన ముద్ద అగును. పాకములో నీరు స్నేహితుడు. కరిగిన చాక్లెట్‌లో నీరు పగవాడు.

ముదురు పాకము మరుగు నీటికంటె 45 డిగ్రీలకు పైగా వేడి; చర్మమునకు అంటుకొని వదలదు. పిల్లలు పెద్దల సమక్షముననే ఈ పని చేయవలెను. పొరపాటున తగిలినచో వెంటనే చల్లని నీటి ధార క్రింద చాలసేపు ఉంచవలెను. నెయ్యి గాని, మరేదియు గాని పూయరాదు. కాలిన గాయము పెద్దదైనచో వైద్యుని చూపవలెను.

సెలవుల పని

ఉపాధ్యాయులకు ఇందులో ఒక మంచి ప్రయోగమున్నది. ఒక ఇంట పాకము కాయునప్పుడు, 200 డిగ్రీల వరకు కొలువగల ఉష్ణమాపకమును ఉపాధ్యాయుడే గిన్నెలో పట్టుకొనవలెను. పాకము పట్టు పెద్దామె నీటి గిన్నెలో బొట్టు వేసి "తీగ", "ఉండ", "ముదురు" అని చెప్పినప్పుడెల్ల ఒక విద్యార్థి వేడిమిని వ్రాసుకొనవలెను. ఆమె మాటకు, పాదరసపు గీతకు ఎంత దగ్గరగా పొత్తు కుదురునో తరగతి అంతయు చూడగలదు.

రెండవ పని ఇంకను ముఖ్యమైనది. పొట్లములలో మిఠాయి కొనుట పెరిగినకొలది, పాకము పరీక్షింపగల వ్రేళ్ళు ఇండ్లలో తగ్గుచున్నవి. ఆ కొలతలు పెక్కు ఎచ్చటను వ్రాసి లేవు. ఇంటింటికి కొంచెము కొంచెము మారును. బెల్లము మెత్తనిదైనచో ఏమి చేయవలెను, ముసురు దినమున పాకమును ఎంత ముదరనీయవలెను, ఏ నేలలో పండిన గింజ ఎంతసేపు వేగవలెను అను సంగతులు చేసినవారికే తెలియును. ప్రతి విద్యార్థియు ఈ సెలవులలో తన అమ్మమ్మ ప్రక్కనో, నాయనమ్మ ప్రక్కనో కూర్చుండి, ఆమె చెప్పిన కొలతలను, గుర్తులను, ఆమె వాడిన మాటలతోనే నోటుపుస్తకమున వ్రాసికొనిన చాలును. అందులో కోకో పొడి పడినను, పడకున్నను, ఆ వ్రాత రేపటి తరమునకు అక్కరకు వచ్చును.